మూడో లైన్లో చెయ్యి

మొదటి ప్రతి నలభై రెండు పేజీలు.
"చల్లదనం మనిషికి ఎంత అవసరమో" అని ఎత్తుకున్నాను.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
అమ్మోనియా కంప్రెసర్ నడిపే పద్ధతి
పుస్తకంగా రాయమన్నారు నన్ను.
ఎమ్మే తెలుగు. నెలకి పద్దెనిమిది వేలు.
ఉపోద్ఘాతం లేకుండా ఏదైనా ఎలా మొదలవుతుందో
అప్పటికి నాకు తెలీదు.

సుభానీ గారు చదివించుకుని విన్నారు,
ఇరవై ఆరేళ్లు మెషీన్ల రొదలో నిలబడ్డ చెవిని
కొంచెం ఇటు తిప్పి.
"ఆయిల్ తీసే కాడ చదువమ్మా."
చదివాను.
ఒకటి, పై వాల్వు కట్టెయ్యండి.
రెండు, గొట్టం కొసని నీళ్ల బకెట్లో పెట్టండి.
మూడు, కింది వాల్వు మెల్లగా విప్పండి.
అలా అలా వచ్చి, ఏడు:
ఈ పనికి మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు.
మణికట్టు నుంచి మోచేతి దాకా
కాల్చిన వంకాయ తొక్కలా చర్మం.
"నువ్వు ఏడో లైన్లో చెప్పావు తల్లీ.
నా చెయ్యి మూడో లైన్లోనే ఉండిపోయింది."

ఆ సాయంత్రం బ్రాడీపేటలో ఆటో దిగుతూ ఆగాను.
ఆటో అతనికి ఊరి చరిత్ర చెప్పం ఇక్కడ.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటాం,
దించేస్తాడు.
ఇన్నేళ్లు ఈ వీధుల్లో తిరిగి
నా పేజీలకి అడ్డరోడ్లు వెయ్యాలని తట్టనేలేదు.

ఆదివారం అన్నీ కత్తిరించాను, నిజంగానే, కత్తెరతో.
యార్డులో ఆడవాళ్లు మిరప తాలు ఏరినట్టు
నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నాను.
ఏమిటో చెప్పేది ఒక కుప్ప.
ఎలా చెయ్యాలో చెప్పేది ఒక కుప్ప.
ఊరికే చూసుకునే అంకెలు గోడవారకి.
"చల్లదనం మనిషికి" ఎందులోనూ పడలేదు.
రెండుసార్లు చేతిలోకి తీసుకుని
తాలులో వేశాను.
బాగా వచ్చిన వాక్యం అది. ఇప్పటికీ అంటాను.

మాస్కు మాట పదకొండు చోట్ల దొరికింది
పదకొండు రకాలుగా.
ఒకచోట ధరించవలెను, ఒకచోట పెట్టుకుంటే మంచిది.
మంచిదేమిటి, నా మొహం!
ఒక్కసారి రాశాను. పదకొండు చోట్లా దాన్నే పెట్టాను,
అన్నిచోట్లా మొదటి లైన్లో.
పునరుక్తి దోషమని మార్కులు కోసిన మాస్టారు
గుర్తొస్తూనే ఉన్నారు.
ఏం చెయ్యను? విప్పు అన్నదాన్ని
ఇంకోచోట తెరువు అనలేను.
పర్యాయపదాలు పద్యానికి నగలు.
కంప్రెసర్ దగ్గర అవి రెండు వేరే వాల్వులు.
"పైన చెప్పినట్టు" కూడా పోయింది.
పైన ఏముందో
ఆ ఒక్క కాగితం చేతికొచ్చినవాడికి ఏం తెలుసు?

ఏప్రిల్లో, గదుల నిండా తేజ టిక్కీలు.
రాత్రి డ్యూటీ ఏసోబుది, చేరి ఇరవై రోజులు.
కళ్లు మండే వాసన వచ్చిందట రెండున్నరకి.
నేను లేను, నిద్రపోతున్నాను.
పొద్దున వెళ్లేసరికి గోడకున్న తొమ్మిదో కాగితం మీద
మొదటి లైను పక్కన నల్లటి బొటనవేలి ముద్ర.
"పుస్తకం పనికొచ్చిందా?" అన్నాను, గొంతులో కొంచెం ఆశ.
"పుస్తకమా? నేనేం చదవలేదక్కా.
ఆ కాగితం చూశానంతే."

సుభానీ గారు నవ్వలేదు.
కాగితం ముందు చాలాసేపు నిలబడ్డారు.
"రెండో నంబరు మెషీనుకి ఈ వాల్వు గోడవైపుంటది.
కుడిచేతికి అందదు."

జేబులో పెన్ను తీశాను.
నాలుగో లైను దగ్గర
కొంచెం చోటుంది.